ఖబీబ్ దారా, సెయింట్-పియర్ దారా: ఫైటర్ జీవితానికి ఏది మేలు?

రష్యా ఫైటర్ ఖబీబ్ నుర్మగొమెదోవ్, కెనడా ఫైటర్ జార్జ్ సెయింట్-పియర్ తలపడి ఉంటే ఎవరు గెలిచేవారని ఎంఎంఏ (కుస్తీ, కరాటే, బాక్సింగ్ వంటివి కలగలిసిన పోరాట క్రీడ) చూసే పాఠకులు చాలాకాలంగా అడుగుతున్నారు. అది ఇద్దరూ కోరుకున్న పోరే. ఖబీబ్ తండ్రి అబ్దుల్మనాప్ అయితే తన కొడుకు ముప్ఫయ్యో విజయం సెయింట్-పియర్ మీద సాధించి ఆట ముగించాలని ఆశపడ్డారు. 2019 ఫిబ్రవరిలో సెయింట్-పియర్ మాంట్రియల్‌లో విరమణ ప్రకటించిన తరువాత కూడా ఆ మాట కొంతకాలం వినిపించింది గానీ, ఈ ఆటలో అతిపెద్ద పోటీల సంస్థ యూఎఫ్‌సీ ఆ పోరును ఏర్పాటు చేయనే లేదు. జరగని పోరు ఫలితం ఎవరూ చెప్పలేరు కనుక నేను ఆ ప్రశ్నను పక్కన పెడుతూ వచ్చాను. అయితే ఈ మధ్య అదే ప్రశ్న మరో రూపంలో వస్తోంది. కొత్తగా సాధన మొదలుపెట్టిన యువకులు ఈ ఇద్దరిలో ఎవరి జీవితాన్ని ఆదర్శంగా పెట్టుకోవాలని అడుగుతున్నారు. దీనికి జవాబు చెప్పవచ్చు, చెప్పాలి కూడా.

అంకెలు అందరికీ తెలిసినవే. ఖబీబ్ 29 పోరాటాలు చేసి ఒక్కటీ ఓడలేదు. సెయింట్-పియర్ 26 గెలిచి 2 ఓడాడు. ఖబీబ్ లైట్‌వెయిట్ (70 కిలోల తరగతి) విజేత బెల్టును మూడుసార్లు నిలబెట్టుకుంటే, సెయింట్-పియర్ వెల్టర్‌వెయిట్ (77 కిలోల తరగతి) బెల్టును వరుసగా తొమ్మిదిసార్లు నిలబెట్టుకున్నాడు. ఎవరు గొప్ప అన్న వాదనకు ఈ లెక్కలు పనికొస్తాయి గానీ, ఎవరిలా బతకాలన్న ప్రశ్నకు వీటితో జవాబు దొరకదని నా అభిప్రాయం.

పునాది విషయంలో ఖబీబ్‌దే పైచేయి. రష్యాలోని దాగెస్తాన్ కొండల్లో ఉన్న సిల్దీ అనే పల్లెలో 1988లో పుట్టిన అతనికి తండ్రే వస్తాదు. కుస్తీ, జూడో, కాంబాట్ సాంబో (దెబ్బలు కూడా కలిసిన రష్యా కుస్తీ) ఒకదాని తరువాత ఒకటి ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. చుట్టూ ఉన్న అన్నదమ్ముల వరస కుర్రాళ్లే సాధనలో జోడీలు. పిల్లవాడు ఎప్పుడు పోటీకి దిగాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది అతని మేలు తప్ప మరేమీ కోరని మనిషి కావడం ఏ ఫైటర్‌కైనా పెద్ద వరం. 2012లో యూఎఫ్‌సీలో అడుగుపెట్టి, ప్రత్యర్థిని కంచెకు నొక్కిపెట్టి, కింద పడేసి, లేవనివ్వకుండా కొట్టే అతని ఆట ఆ ఇంటి శిక్షణలో తయారైనదే.

సెయింట్-పియర్‌కు అటువంటి ఇల్లు లేదు. క్యూబెక్‌లోని సెయింట్-ఇసిదోర్‌లో 1981లో పుట్టిన అతడు బడిలో తోటి పిల్లల చేతిలో దెబ్బలు తిని, ఏడేళ్ల వయసులో క్యోకుషిన్ అనే కరాటే పద్ధతి మొదలుపెట్టాడు. పెద్దయ్యాక చెత్త బండి మీద పని చేశాడు, రాత్రి క్లబ్బుల గుమ్మం దగ్గర కాపలా ఉన్నాడు. చిన్ననాట కుస్తీ అంటే తెలియని ఈ కరాటే కుర్రాడు మాంట్రియల్ కుస్తీవీరుల మధ్యకు వెళ్లి, వాళ్ల చేతిలో పడుతూ లేస్తూ, చివరికి పుట్టు కుస్తీవీరులనే కింద పడేసే స్థాయికి చేరుకున్నాడు. ఒక గురువు, ఒక ఊరు అన్నీ ఇవ్వలేనప్పుడు వెతుక్కుంటూ వెళ్లి ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి నేర్చుకోవడమే అతని పద్ధతి.

నా దృష్టిలో తేల్చేది ఓటమి. సాధన చేసే వంద మందిలో ఓటమి చవిచూడనివారు ఒక్కరైనా ఉంటారా అన్నది సందేహమే. కాబట్టి ఓడిన మరునాడు ఫైటర్ ఏం చేయాలన్నదే ఈ వృత్తిలో నేర్చుకోవలసిన మొదటి పాఠం. ఆ పాఠం ఖబీబ్ జీవితంలో లేదు. అది అతని ఘనతే కానీ, చూసి నేర్చుకునేవాడికి అక్కడ ఏమీ దొరకదు.

సెయింట్-పియర్ దగ్గర ఆ పాఠం రెండుసార్లు దొరుకుతుంది. 2004లో వెల్టర్‌వెయిట్ దిగ్గజం మాట్ హ్యూస్‌తో తొలి టైటిల్ పోరుకు దిగినప్పుడు, తాను అభిమానించిన ఆ మనిషి కళ్లలోకి సూటిగా చూడలేకపోయానని అతడే తరువాత చెప్పుకున్నాడు. మొదటి రౌండు ముగియడానికి ఒక్క సెకను ఉందనగా ఆర్మ్‌బార్‌కు (మోచేతిని వెనక్కి విరిచే పట్టుకు) లొంగిపోయాడు. రెండేళ్ల తరువాత అదే హ్యూస్‌ను పడగొట్టి బెల్టు గెలిచాడు. 2007 డిసెంబరులో మూడోసారి ఎదురైనప్పుడు, ఒకప్పుడు తనను ఓడించిన ఆర్మ్‌బార్‌తోనే అతణ్ని లొంగదీశాడు.

రెండో ఓటమి ఇంకా కఠినమైనది. 2007 ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో, ఎవరూ గెలుస్తాడనుకోని మాట్ సెరా మొదటి రౌండులోనే అతణ్ని కూల్చి బెల్టు పట్టుకుపోయాడు. ఆ ఓటమి సెయింట్-పియర్‌ను చాలాకాలం వదలలేదు. మానసిక శిక్షకుడి సలహా మీద ఒక ఇటుక మీద సెరా పేరు రాసి, దాన్ని కొన్నాళ్లు వెంట మోసి, మనసు తేలికపడే వేళకు నదిలో పారేశాడు. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, ప్రపంచ విజేతగా ఉన్నవాడు నాకు మనసు కుదుటపడటం లేదని ఒప్పుకుని సాయం అడగడం ఈ ఆటలో ఎంత అరుదో తెలిసినవారికి దాని విలువ తెలుస్తుంది. 2008 ఏప్రిల్‌లో సొంత ఊరు మాంట్రియల్ ప్రేక్షకుల ముందు సెరాను రెండో రౌండులో ఓడించి బెల్టు తిరిగి తెచ్చుకున్నాడు. ఆ తరువాత ఎవరి చేతిలోనూ ఓడలేదు.

శరీరం మాటకొస్తే మొగ్గు ఖబీబ్ వైపు ఉంటుంది. తలకు అతడు తిన్న దెబ్బలు చాలా తక్కువ. సెయింట్-పియర్ 2013 నవంబరులో జానీ హెండ్రిక్స్‌తో అయిదు రౌండ్లు పోరాడి, న్యాయనిర్ణేతల్లో ఇద్దరి మొగ్గుతో గెలిచినా, వాచిపోయిన ముఖంతో ఒక కన్ను సరిగ్గా కనిపించని స్థితిలో బయటికి వచ్చాడు. మోకాళ్ల విషయంలో ఇద్దరూ నష్టపోయినవారే. ఖబీబ్ గాయాల వల్ల 2014 నుంచి 2016 వరకు రెండేళ్లు ఆటకు దూరమయ్యాడు. అయితే బరువు తగ్గించుకునే పద్ధతిలో ఖబీబ్‌ను అనుకరించవద్దు. 2017 మార్చిలో 70 కిలోల తరగతికి దిగే ప్రయత్నంలో ఆసుపత్రి పాలై, టోనీ ఫెర్గూసన్‌తో జరగవలసిన పోరు రద్దయింది. మన దగ్గర పోటీలకు ముందు నీళ్లు మానేసి ఆవిరి గదుల్లో కూర్చునే కుర్రాళ్లు ఈ సంఘటనను గుర్తుపెట్టుకోవాలని వేడుకుంటున్నాను.

ఆట వదిలిన తీరులో ఇద్దరూ గౌరవనీయులే. 2020 జులైలో కోవిడ్ తరువాతి సమస్యలతో ఖబీబ్ తండ్రి చనిపోయారు. అక్టోబరు 24న అబుదాబిలో జస్టిన్ గేచీని రెండో రౌండులో ఓడించిన ఖబీబ్ ఆక్టగన్ (ఎనిమిది మూలల పోటీ బరి) మధ్యలో కన్నీరు పెట్టుకుని, తండ్రి లేకుండా మళ్లీ పోరాడనని అమ్మకు మాట ఇచ్చానని చెప్పి గ్లవ్స్ అక్కడే వదిలాడు. ముప్ఫయ్యో విజయం అందుకోగలిగి ఉండి కూడా ఆ మాటకు కట్టుబడ్డాడు. ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతుంది. కానీ అది ఒక కొడుకు దుఃఖం నుంచి వచ్చిన నిర్ణయం. మరొకరు దాన్ని తమ పద్ధతిగా చేసుకోలేరు. సెయింట్-పియర్ 2013 డిసెంబరులో బెల్టు చేతిలో ఉండగానే, ఒత్తిడి ఇక మోయలేనని చెప్పి తప్పుకున్నాడు. నాలుగేళ్ల తరువాత న్యూయార్క్‌లో మైకేల్ బిస్పింగ్‌ను ఓడించి పై తరగతి బెల్టు కూడా గెలిచి, పెద్దపేగు జబ్బు బయటపడగానే నెల దాటీ దాటకముందే దాన్ని వదిలేశాడు. తన స్థితిని తానే తూచుకుని ఆగడం ఎవరైనా నేర్చుకోగలిగిన విద్య. ఇద్దరికీ అప్పటికే పేరూ డబ్బూ ఉన్నాయన్నది నిజం. చిన్న పోటీల్లో తలపడే కుర్రాడికి అంత సులువుగా ఆగే వీలుండదు. అందుకే చేతిలో మరో పని ఉంచుకోమని చెబుతాను.

పాత యూఎఫ్‌సీ విజేతలు ఆండర్సన్ సిల్వాను, చక్ లిడెల్‌ను కూడా పోల్చమని కొందరు అడిగారు. సిల్వా ఆట అపురూపమే గానీ యూఎఫ్‌సీలో చివరి తొమ్మిది పోరాటాల్లో ఒక్కటే గెలిచాడు. లిడెల్ 48 ఏళ్ల వయసులో తిరిగి వచ్చి టిటో ఓర్టిజ్ చేతిలో నాకౌట్ అయ్యాడు. ఆదర్శంగా చూపడానికి నాకు మనసొప్పదు.

ఇంట్లోనే వస్తాదు, సాధనకు అన్నదమ్ములు ఉన్నవారు నిస్సందేహంగా ఖబీబ్‌ను చూడవచ్చు. తాను ఆపిన తరువాత దాగెస్తాన్‌కే చెందిన ఫైటర్ ఇస్లాం మఖచెవ్ పక్కన శిక్షకుడిగా నిలబడి, 2022 అక్టోబరులో అదే లైట్‌వెయిట్ బెల్టు అతనికి దక్కేలా చేసిన తీరు కూడా చూడవలసినదే. పని ముగించుకుని సాయంత్రం ఎవరో తెలియని కోచ్ దగ్గరకు వెళ్లే మిగతా అందరికీ నేను సెయింట్-పియర్ పేరే చెబుతాను. సెరాతో 2007లో జరిగిన పోరునూ, 2008లో జరిగిన పోరునూ ఒకే రోజు, వరుసగా చూడండి.