మెడ స్కాన్‌కు ఐదుకు ఐదు, థైరాయిడ్ ప్యాకేజీకి రెండే

శ్రీకాకుళం పట్టణంలోని ఈ స్కానింగ్ సెంటర్లో మెడ అల్ట్రాసౌండ్, సూది పరీక్ష (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూడటం) రెండూ చేస్తారు. స్కాన్ తీసే డాక్టరు పని గొప్పగా ఉంది. ఇబ్బందల్లా కౌంటర్లో రాసే 'థైరాయిడ్ ప్యాకేజీ'తోనే. అందులో ఉన్నవి టీ3, టీ4, టీఎస్‌హెచ్ అనే హార్మోన్ల రక్త పరీక్షలు మాత్రమే. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా చాలామందికి ఈ మూడూ నార్మల్‌గానే వస్తాయి. "రిపోర్టు నార్మలేనమ్మా, భయం లేదు" అని కౌంటర్లోనే చెప్పి పంపేయడం మానాలి.

థైరాయిడ్ క్యాన్సర్ ప్రతిసారీ గొంతు ముందు గడ్డగానే రాదు. ఒక్కోసారి మెడ పక్కన బిళ్ల (వాచిన లింఫ్ గ్రంథి) కడుతుంది. దాన్లో నీరుంటే మామూలు నీటితిత్తి అనుకుంటారు, లేదంటే టీబీ బిళ్ల అని మందులు మొదలెడతారు. ఫాలిక్యులర్ రకం ముందుగా ఎముకలో బయటపడవచ్చు: తల మీద గడ్డ, చిన్న దెబ్బకే విరిగిన తొడ ఎముక. మెడుల్లరీ రకంలో విరేచనాలు నెలల తరబడి పట్టుకోవచ్చు. దానికి అడగాల్సిన రక్త పరీక్ష కాల్సిటోనిన్, ఆ రకం గడ్డ వదిలే హార్మోన్.

ఇక్కడి స్కాన్‌కు ఐదుకు ఐదు ఇచ్చింది అందుకే. థైరాయిడ్‌తో ఆగకుండా దవడ కింద నుంచి మెడ కింది కాలర్ ఎముక దాకా రెండు పక్కలా బిళ్లలు వెతుకుతారు. గడ్డ మూడు కొలతలు, అంచులు, లోపలి సున్నపు చుక్కలు రాసి టైరాడ్స్ అంకె (గడ్డ ఎంత అనుమానంగా ఉందో చెప్పే 1 నుంచి 5 వరకు స్కోరు) వేస్తారు. అంకె 5 అయితే 1 సెం.మీ., 4 అయితే 1.5, 3 అయితే 2.5 సెం.మీ. నుంచి సూది పరీక్ష. పక్క బిళ్ల అనుమానంగా ఉంటే గడ్డ ఎంత చిన్నదైనా ఆ బిళ్లకు సూది వేయాల్సిందే.

సూది స్కాన్‌లో చూస్తూనే వేస్తారు, రెండు మూడు సార్లు. కణాలు పూసిన కొన్ని గాజు స్లైడ్లు వెంటనే ఆల్కహాల్లో ముంచుతారు. ఆలస్యమైతే కణాలు ఆరిపోయి చదవడానికి రావు. రక్తం ఎక్కువ కలిసినా అంతే. పదేసి కణాల గుంపులు కనీసం ఆరు ఉండాలి. లేకపోతే 'శాంపిల్ చాలదు' అని వస్తుంది, అంటే క్యాన్సర్ లేదని కాదు, మళ్లీ తీయాలని. నీటి బిళ్లలో కణాలు దొరకడం కష్టం కాబట్టి సూది కడిగిన సెలైన్‌లో థైరోగ్లోబులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రొటీన్) చూడాలి. ఇక్కడ చెయ్యరు, బయటికి పంపుతారు. సూది వేయకముందే అడగండి, తర్వాత ఆ శాంపిల్ మిగలదు.

రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. ఆపరేషన్‌కు విశాఖ వెళ్లేవాళ్లు కాగితం ఒక్కటే కాకుండా గాజు స్లైడ్లు కూడా పట్టుకెళ్లాలి. అడిగితే ఇక్కడ పెట్టెలో సర్ది ఇస్తారు.