ఫుడ్ కోర్టులో క్యాష్ తీసుకోరు, కార్డులో మిగిలిన డబ్బు తిరిగివ్వరు: జాగ్రత్త

హైదరాబాద్‌లో మాల్ ఫుడ్ కోర్టులకు వెళ్లేవాళ్లు, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు ఇది చదవండి. స్టాల్లో క్యాష్ తీసుకోం, కార్డు (ముందే డబ్బు వేయించి ఆ ఫుడ్ కోర్టులోనే వాడుకునేది) చేయించుకోండి అన్నారంటే, మిగిలిన డబ్బు ఎలా తిరిగిస్తారో తేల్చుకోకుండా నోటు చేతికివ్వకండి.

సోమవారం కంటి పరీక్ష ఉందని నాన్న ఊరి నుంచి వచ్చారు. ముందురోజు సాయంత్రం అందరం కలిసి మాల్‌కి వెళ్లాం. మనవళ్లకు తన చేత్తో ఏదైనా కొనిపెట్టాలని ఆయన ఆశ. దోశల స్టాల్ దగ్గర ఐదు వందల నోటు తీస్తే అక్కడి అబ్బాయి ముట్టుకోను కూడా లేదు. "క్యాష్ నడవదు తాతా, కార్డు తెచ్చుకో" అన్నాడు. "నా పైసలు చెల్లవా బిడ్డా?" అని నాన్న నా వైపు తిరిగారు. అంతమందిలో ఆయన ముఖం చిన్నబోయింది. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఫోన్‌పే, గూగుల్ పే ఏవీ లేవు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. నాలుగడుగుల దూరంలో ఉన్న కార్డు కౌంటర్లో అదే ఐదు వందల నోటును నిక్షేపంగా తీసుకున్నారు. చిల్లర సమస్య, డిజిటల్ పద్ధతి అని చెప్పేవన్నీ సాకులే. వాళ్లకు నోటుతో ఇబ్బంది లేదు. మన డబ్బు ముందే వాళ్ల దగ్గర పడాలి, అంతే. కార్డుకు 50 రూపాయలు పోయాయి, 450 మిగిలాయి. తిన్నది 340. మిగిలిన 110కి అక్కడ ఏదీ రాదు, ఇంకో 200 వేయిస్తేనే వస్తుంది. తిరిగివ్వమంటే "రీఫండ్ యాప్‌లోనే మేడమ్, లేకపోతే ఈసారి వచ్చినప్పుడు వాడుకోండి" అన్నారు. మర్నాడు డాక్టరుకు చూపించుకుని ఊరెళ్లిపోయే మనిషికి ఈసారి ఎప్పుడొస్తుంది? డబ్బు కట్టించుకునేటప్పుడు ఈ యాప్ మాటే ఎత్తలేదు.

రిజర్వ్ బ్యాంక్ చట్టం, 1934లోని 26వ సెక్షన్ ప్రకారం బ్యాంకు నోటు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. అయితే ముందే బోర్డు పెట్టి, కొనకముందే షరతు చెప్పిన దుకాణం మీద ఈ సెక్షన్‌తో పోరాడటం కష్టం. తిన్న తర్వాత బిల్లు ఇచ్చే హోటల్ సంగతి వేరు. అక్కడ మీరు కట్టాల్సింది బాకీ, దానికి నోటు ఇస్తామని గట్టిగా అడగొచ్చు. టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్ లేకుండా క్యాష్ ఇచ్చినవాళ్ల దగ్గర 2025లో రెట్టింపు కట్టించుకున్నారు కానీ, అది కేంద్రం నోటిఫై చేసిన నిబంధన. ఫుడ్ కోర్టు వాళ్లది సొంత పెత్తనం.

ఇంకో విషయం. ఒక వ్యాపారి తన దగ్గర మాత్రమే కొనుక్కోవడానికి ఇచ్చే ప్రీపెయిడ్ కార్డుకు రిజర్వ్ బ్యాంక్ అనుమతి అక్కర్లేదు. కానీ ఆ కార్డును వేరేవాళ్లకు చెల్లించడానికి వాడకూడదు. కాబట్టి స్టాల్ బిల్లు మీద ఎవరి పేరు, ఏ జీఎస్టీ నంబరు ఉందో చూడండి. ఒక్కో స్టాల్‌కి ఒక్కో యజమాని ఉంటే, ఈ కార్డు ఏ అనుమతితో ఇస్తున్నారని అడిగే హక్కు మనకుంది.

క్యాష్ వద్దనేవాళ్లు 2025 ఏప్రిల్ 12ని గుర్తు తెచ్చుకోవాలి. ఆ రోజు దేశమంతటా యూపీఐ మొరాయించింది. జేబులో నోట్లు ఉన్నవాళ్లకు పని ఆగలేదు.

కార్డు తప్పనిసరి అయితే తక్కువలో తక్కువ ఎంత వేయించొచ్చో అడిగి అంతే వేయించండి. కార్డుకని తీసుకున్న డబ్బు వెనక్కిస్తారా, మిగిలింది క్యాష్‌గా ఇస్తారా, ఎన్ని గంటల లోపు అడగాలి అన్నవి ముందే తేల్చుకోండి. రీఛార్జికి రసీదు అడిగి తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. షరతుల బోర్డు ఉంటే ఫొటో తీసుకోండి, లేకపోతే బోర్డు లేని ఆ కౌంటర్‌ని ఫొటో తీయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను అక్కడ ఫిర్యాదు పెట్టాను. 110 రూపాయలకు ఇంత అవసరమా అని మా ఇంట్లోనే అన్నారు. రోజూ అక్కడికి వచ్చే వందల మంది దగ్గర ఇలా మిగిలిపోయేదంతా ఎవరికి పోతోంది?

మీ డబ్బు కూడా ఇలా ఇరుక్కుపోయి ఉంటే కోపంతో కార్డు పారేయకండి. ఫిర్యాదుకు కార్డు నంబరు, రీఛార్జి రసీదే ఆధారం.