పొలంలో దించిన విమానం: ఐఎల్-2, డీసీఎస్ సిమ్యులేటర్లలో అత్యవసర ల్యాండింగ్‌లు

రెండో ప్రపంచ యుద్ధ విమానాలను కంప్యూటర్‌లో నడిపించే ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ ఆటల వరుసలో స్టాలిన్‌గ్రాడ్ భాగం వచ్చిన 2014 నుంచి ఆడుతున్నాను. డీసీఎస్ అనే మరో సిమ్యులేటర్‌లో పీ-51 మస్టాంగ్, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు కూడా చాలాకాలంగా నడుపుతున్నాను. గగనతల పోరాటాల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఒక్క విషయానికే పరిమితమవుతాను. ఇంజిన్ ఆగిపోయి, అందుబాటులో రన్‌వే లేక, ఏదో ఒక పొలంలో దిగాల్సి వస్తే ఈ సిమ్యులేటర్లు వాస్తవానికి ఎంత దగ్గరగా ఉంటాయి?

గాలిలో ఉన్నంతసేపూ చాలా దగ్గరగా ఉంటాయి. ఐఎల్-2లో జర్మన్ యుద్ధ విమానం బీఎఫ్-109 రెక్క కింద, ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్‌కు తూటా తగిలితే వెనుక తెల్లటి చార మొదలవుతుంది. ఇంజిన్ వెంటనే ఆగదు. ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా ఎగబాకుతుంది. ఆ కాస్త వ్యవధిలో ఎత్తు పెంచుకోవాలా, మన సేనలున్న వైపు తిరగాలా అన్నది తేల్చుకోవాలి. ఇంజిన్ పూర్తిగా ఆగాక ప్రొపెల్లర్ రెక్కల కోణం మార్చి గాలి నిరోధం తగ్గిస్తే విమానం ఇంకొంత దూరం జారుతుంది. ఎదుటి చెట్ల వరుస దాటాలన్న ఆత్రంతో ముక్కు పైకెత్తితే వేగం పడిపోయి, ఒక రెక్క కిందికి వాలిపోతుంది. ఈ భాగం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం ఇంట్లో దొరకదు.

తేడా నేలను తాకిన క్షణంలో మొదలవుతుంది. సిమ్యులేటర్‌లో పొలం అంటే నేల మీద పరిచిన రంగు. పైనుంచి చూస్తే దున్నిన చేను, పచ్చిక, కోసిన పొలం వేర్వేరుగా కనిపిస్తాయి. దిగాక అన్నీ ఒకటే. గట్టు ఉండదు, కాలువ ఉండదు, తడి ఉండదు. చక్రాలు దించుకుని మెత్తగా వాలితే దాదాపు ఎక్కడైనా కాస్త కుదుపుతో ఆగిపోవచ్చు. దాంతో ఆటగాడికి చక్రాలు దించే అలవాటు పడిపోతుంది. నా ఫిర్యాదు అంతా ఇక్కడే. అసలు విమానంలో ప్రాణం తీసే అలవాటు అది.

1942 జూన్ 4న అలాస్కాలోని అలూషియన్ దీవుల్లో అమెరికా స్థావరం డచ్ హార్బర్ మీద దాడి చేసి వస్తున్న జపాన్ పైలట్ తదయోషి కోగా నడుపుతున్న జీరో యుద్ధ విమానం నుంచి నూనె కారడం మొదలైంది. అత్యవసరంగా దిగడానికి ముందే నిర్ణయించుకున్న అకుటాన్ దీవికి చేరుకున్నాడు. పైనుంచి చూస్తే చదునైన పచ్చిక మైదానం. చక్రాలు దించాడు. అది చిత్తడి నేల. చక్రాలు కూరుకుపోయి విమానం తలకిందులైంది, కోగా మెడ విరిగి మరణించాడు. విమానం మాత్రం పెద్దగా దెబ్బతినలేదు. తర్వాత అమెరికన్లు దాన్ని కనుగొని, బాగుచేసి ఎగరేసి, దాని బలహీనతలన్నీ తెలుసుకున్నారు. మరుసటి నెల జులై 15న గ్రీన్‌లాండ్ మంచు మీద అమెరికాకు చెందిన ఆరు పీ-38 యుద్ధ విమానాలు, రెండు బీ-17 బాంబర్లు దిగాల్సి వచ్చింది. మొదటి పీ-38 చక్రాలు దించుకుని దిగి బోల్తా కొట్టింది. అది చూసిన మిగతా పైలట్లు చక్రాలు లోపలే ఉంచి, పొట్ట మీద దించారు. మొత్తం 25 మందీ బతికారు. ఈ రెండు ఘటనలనూ సిమ్యులేటర్‌లో పునఃసృష్టించడానికి ప్రయత్నించి చూడండి. కోగా చేసిన పనే చేస్తే చాలాసార్లు క్షేమంగా బయటపడతారు.

పొట్ట మీద దించినా అన్ని విమానాలూ ఒకలా ఉండవు. ఆటకు పేరిచ్చిన సోవియట్ విమానం ఐఎల్-2కు చక్రాలు ముడిచినా కొంత భాగం బయటే ఉంటుంది కాబట్టి కింది భాగానికి దెబ్బ తగ్గుతుంది. మస్టాంగ్‌కు పొట్ట కింద గాలి పీల్చే పెద్ద గొట్టం ఉంది. నీటి మీద దిగితే అది ముందుగా మునిగి విమానాన్ని లోపలికి లాగేస్తుందన్న భయంతో, సముద్రం మీద దిగడం కన్నా పారాచూట్‌తో దూకడమే మేలని పైలట్లు భావించేవారు. ఇలాంటి స్వభావభేదం సిమ్యులేటర్లలో ఉండాల్సినంత కనిపించదు.

గాలి దిశ సంగతి వేరు. దాన్ని ఇవి బాగానే లెక్కిస్తాయి, ఆటగాళ్లే పట్టించుకోరు. గాలిలో గంటకు 160 కిలోమీటర్ల వేగంతో దిగే విమానానికి ఎదురుగాలి 30 కిలోమీటర్లుంటే నేల మీద వేగం 130. అదే గాలి వెనుక నుంచి వస్తే 190. తేడా 60 కిలోమీటర్లే అయినా, నేలను తాకేటప్పుడు విమానంలో ఉండే శక్తి రెట్టింపుకు మించిపోతుంది. పొలం ఎంచుకునే ముందు ఏ ఊళ్లోనైనా పొగ ఎటు వాలుతోందో చూడటం నాకు ఇప్పుడు అలవాటు.

ఇక మనిషి. తేలికపాటి విమానాల పైలట్లకు అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్ఏఏ చెప్పే సూత్రం ఒకటుంది: రెక్కలు, చక్రాలు, అడుగుభాగం పోయినా ఫరవాలేదు, కూర్చున్న చోటు నిలవాలి. గురుత్వానికి తొమ్మిది రెట్ల బలంతో, మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా వేగం తగ్గిస్తే గంటకు 80 కిలోమీటర్ల నుంచి ఆగడానికి మూడు మీటర్లు, 160 నుంచి ఆగడానికి పన్నెండు మీటర్ల లోపు చాలు. అంటే విమానాన్ని ఖర్చుపెట్టి ఆ కొద్ది మీటర్లు కొనుక్కోవాలి. సిమ్యులేటర్ దీనికి పూర్తిగా విరుద్ధమైన మనస్తత్వాన్ని పెంచుతుంది. రెక్క వంగకుండా దించడమే అక్కడ గొప్ప. పైగా నిజమైన పైలట్ చివరి నిమిషంలో చేసే పనులు, అంటే బెల్టు బిగించుకోవడం, ఇంధనం ఆపడం, జ్వలన స్విచ్ కట్టేయడం, కాక్‌పిట్ కప్పు తెరవడం, వీటిలో చాలావాటికి ఆటలో ఫలితమే ఉండదు. బీఎఫ్-109 కప్పు పక్కకు తెరుచుకుంటుంది. తలకిందులైతే లోపలి మనిషి బయటపడలేడు. ముఖానికి ఎదురుగా తుపాకీ గురి అద్దం ఉంటుందన్న సంగతి మానిటర్ ముందు కూర్చున్నవారికి గుర్తురాదు.

దిగాక జరిగేది కూడా ఆటలో లేదు. 1942 ఏప్రిల్‌లో సోవియట్ పైలట్ అలెక్సీ మరేస్యెవ్ విమానం జర్మన్ల అధీనంలోని అడవిలో కూలింది. గాయపడిన కాళ్లతో 18 రోజులు పాకుతూ తనవాళ్లను చేరాడు. రెండు కాళ్లూ మోకాళ్ల కింద తీసేశారు. 1943లో కృత్రిమ కాళ్లతో మళ్లీ యుద్ధంలో ఎగిరాడు. నా తెర మీద అదే ల్యాండింగ్‌కు మిషన్ ముగిసిందన్న ఒక వాక్యం వస్తుంది.

ఇన్ని చెప్పినా ఐఎల్-2ను కొనమనే చెబుతాను. వీఆర్ హెడ్‌సెట్ ఉంటే తప్పక వాడండి. నేలకు ఎంత ఎత్తులో ఉన్నామో మామూలు మానిటర్ సరిగా చెప్పదు. గాలి వేగాన్ని సున్నాగా వదిలేయకండి. కెరీర్‌లో పైలట్ మరణం శాశ్వతమయ్యే ఎంపిక పెట్టుకోండి. రాళ్లూ గట్లూ లేని పొలమని తెలిసినా చక్రాలు లోపలే ఉంచి దించండి. తయారీదారులు తదుపరి భాగంలో కొత్త విమానం ఒకటి తగ్గించి, చిత్తడి నేలను, దున్నిన చేనును, కాలువ గట్టును ఇస్తే నేను ముందుగానే డబ్బు కడతాను.