క్యాసెట్లు ఎక్కించే షాపు: ఆ హోరు మాత్రం తీయించకండి

విజయనగరంలో గంటస్తంభం పక్క సందులో, మొబైల్ కవర్లు అమ్మే కొట్ల మధ్య, పాత టేపు క్యాసెట్లని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే చిన్న షాపు ఒకటి ఉంది. పేరు రాయను. ఒక విషయంలో ఆ అబ్బాయి మీద నాకు బాగా కోపం వచ్చింది. తర్వాత పోయిందనుకోండి.

నేను ఇచ్చినవి మూడు క్యాసెట్లు, రెండు సిక్స్‌టీలు, ఒక నైంటీ, అంటే అరవై నిమిషాలవి రెండు, తొంభై నిమిషాలది ఒకటి. 1988లో, నాకు పెళ్లి కుదిరిన ఏడాది, మా నాన్న చేత ఊరి కబుర్లు చెప్పించి రేడియో, టేపు రికార్డరు కలిసిన టూ-ఇన్-వన్‌లో రికార్డు చేశాను. అప్పటికి ఆయనకి 67 ఏళ్లు. ఆ తర్వాత అవి అటక మీద బిస్కట్ల డబ్బాలో ఉండిపోయాయి. ఒకదాని రీలు మీద తెల్లగా బూజు పట్టింది. ఇంకోదానిలో, రీలుని హెడ్డుకి (ప్లేయర్లో శబ్దం చదివే భాగం) ఆనించి ఉంచే చిన్న మెత్త ఊడిపోయింది. నైంటీలో రీలు మరీ పల్చగా ఉంటుంది, అది సాగిపోయిందేమోనని నా టెన్షన్.

పని తెలిసిన కుర్రాడు. అది ఒప్పుకోవాలి. బూజు పట్టినదాన్ని ప్లేయర్లో పెట్టనే లేదు, ముందు దూదితో మెల్లగా తుడిచాడు. మెత్త ఊడినదాన్ని విప్పి, రీలు మొత్తం వేరే క్యాసెట్ డొక్కులోకి మార్చాడు. ప్రతి క్యాసెట్‌నీ ఒకసారి ఆ చివర వరకూ, మళ్లీ ఈ చివర వరకూ తిప్పి రీలు వదులు చేశాడు. హెడ్డుని స్పిరిట్‌తో తుడిచి, దాని పక్కనున్న చిన్న స్క్రూని అటూ ఇటూ తిప్పుతుంటే, గొంతు మసకలోంచి తేటలోకి రావడం నా చెవులతో నేనే విన్నాను. క్యాసెట్‌కి 250 రూపాయలు. "గంట క్యాసెట్టుకి గంటా పడతాదమ్మా, తొందరపెడితే అవ్వదు" అన్నాడు. నిజమే, ఇందులో కాపీ, పేస్ట్ ఉండదు, పాడినంతసేపూ పాడించాల్సిందే. మర్నాడు రమ్మన్నాడు.

మర్నాడు ఇంటికి తెచ్చుకుని వింటే నాన్న బిందెలో తల పెట్టి మాట్లాడుతున్నట్టుంది. 'స' లేదు, 'శ' లేదు. వెనకాల ఒక్క చప్పుడూ లేదు. నేను అడక్కుండానే "క్లీన్" చేసేశాడట, కస్టమర్లు అదే అడుగుతారట. టేపు బుస పోవడానికి కంప్యూటర్లో ఒక మీట నొక్కితే, ఆ బుసతో పాటు సన్నటి శబ్దాలన్నీ పోతాయి. మా వంటింట్లో పంపు స్టవ్ హోరు పోయింది. ఆ హోరు మీదుగా మా అమ్మ అరిచి చెప్పిన దిద్దుబాట్లూ పోయాయి. నాకు కావలసిందే అవి.

ఎందుకంటే మా నాన్న కబుర్లలో సగం నిజం అమ్మ వైపు ఉంటుంది. సిరిమాను గురించి ఆయన చెప్పింది చూడండి. పైడితల్లి అమ్మవారు పూజారి కలలోకి వచ్చి ఫలానా చోట చింతమాను ఉందని చెప్పడం, ఆ మానుని తెచ్చి చెక్కడం, దసరా వెళ్లిన మంగళవారం పూజారి దాని కొసన కూర్చుని మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరగడం, ముందు పాలధార, జాలరి వల, తెల్ల ఏనుగు. అంతా బాగానే చెప్పి, "నేను ఎనిమిదేళ్లప్పుడు కోట గోడెక్కి చూశాను గుంటా" అంటాడు. వంటింట్లోంచి అమ్మ: "ఏటి ఎక్కడం? మీ అమ్మ భుజమెక్కి ఏడిసినావట, అత్త సెప్పింది." క్లీన్ చేసిన ఫైల్లో నాన్న దర్జాగా గోడెక్కి ఉండిపోయాడు.

సంగీత కళాశాల భాగం ఇంకా ఇష్టం నాకు. 1919లో పెట్టిన కాలేజీ, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, 1936 నుంచి ద్వారం వెంకటస్వామి నాయుడు. ఇవి ఎక్కడైనా దొరుకుతాయి. ఫిడేలు నాయుడు గారి వాయిద్యం వినడానికి నాన్న సైకిలు దిగి, చెయిను పడిపోయినట్టు నటిస్తూ గోడ పక్కన కూర్చునేవాడని మాత్రం ఈ క్యాసెట్‌లోనే ఉంది. జోలె పట్టుకొచ్చే సంగీతం కుర్రాళ్లకి మా నాయనమ్మ అన్నం పెట్టేదట. ఘంటసాల ఇక్కడ మధూకరం చేసుకునే, అంటే ఇంటింటా అన్నం అడుక్కునే, చదివారు కాబట్టి, ఆయనా మా ఇంటికి వచ్చే ఉంటాడని నాన్న వాదన. లెక్కేస్తే ఘంటసాలకి అన్నం పెట్టని ఇల్లు విజయనగరంలో ఒక్కటీ లేదు. దీనికి మాత్రం అమ్మ కూడా అడ్డు చెప్పలేదు.

ఇంగ్లండ్‌లో సఫక్ ప్రాంతంలో బ్లాక్స్‌హాల్ అనే పల్లె ఉంది. 1950లలో జార్జ్ ఈవార్ట్ ఇవాన్స్ అనే ఆయన అక్కడి ముసలివాళ్ల మాటలు రాసుకుని, టేపులోనూ ఎక్కించాడు. గుర్రాలతో దున్నిన రోజుల్ని వాళ్ల నోటితోనే చెప్పించాడు. మనకి అలాంటివాడు వీధికొకడు లేకపోయినా టేపు రికార్డరు ఇంటికొకటి ఉండేది. ఆ క్యాసెట్లు ఇప్పుడు ఏ అటకల మీద ఉన్నాయో.

మళ్లీ షాపుకి వెళ్లి, ఏమీ తీయకుండా ఉన్నది ఉన్నట్టు, వేవ్ ఫైలుగా (శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు) కావాలన్నాను. మొదటిసారి ఎక్కించినవి ఉంచుకోలేదట, అక్కడే గట్టిగా మాట్లాడాను. అతను ఎదురు మాట్లాడకుండా మూడూ మొదటినుంచి మళ్లీ పెట్టాడు, డబ్బు తీసుకోలేదు. ఈసారి స్టూలు మీద నేనే కూర్చున్నాను, మూడున్నర గంటలు. గంటకి సుమారు 600 ఎంబీ అయింది, పాత పెన్‌డ్రైవ్ సరిపోయింది. స్టవ్ హోరు వచ్చింది. అమ్మ వచ్చింది. కొంతసేపటికి ఆ కుర్రాడు కూడా ఇయర్‌ఫోన్ తీసేసి స్పీకర్లో పెట్టాడు, పక్క కొట్టాయన టీ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

నైంటీ రెండో వైపు మధ్యలో నాన్న మాట తెగి సినిమా పాట మొదలవుతుంది, పదకొండు నిమిషాలు. దానికి షాపుని అనడానికి లేదు. మా తమ్ముడి పని అది, మళ్లీ రికార్డు అవకుండా వెనక ఉండే ప్లాస్టిక్ పలుకులు విరగ్గొట్టాలి, అలా చేయకుండా వదిలేసిన నా తప్పు కూడా. మల్లయోధుడు కోడి రామమూర్తి గొలుసు తెంపిన సంగతి సరిగ్గా అక్కడే మొదలైంది. ఛాతీకి గొలుసు చుట్టాడు, ఊపిరి బిగించాడు, వెంటనే పాట.

మీరు వెళ్తే ముందే చెప్పండి: క్లీన్ వద్దు, వేవ్ కావాలి, విని ఓకే అనేదాకా ఫైళ్లు చెరపొద్దు. తమ్ముడి దగ్గర ఇంకో రెండు క్యాసెట్లు ఉన్నాయట. పండగ జనం తగ్గాక తీసుకెళ్తాను. ఆ స్టూలు మీదకి ఈసారి ఒక దిండు కూడా.