లంకకు వేసిన రేడియో లింకు: ఏడాది వాడకం తర్వాత

కోనసీమలో గోదావరి పాయకు అవతల ఉన్న ఒక లంక గ్రామానికి ఇంటర్నెట్ చేర్చడానికి నిరుడు 5 గిగాహెర్ట్జ్ డిష్ రేడియోల జత ఒకటి కొన్నాము. దూరం 3 కిలోమీటర్లు, జత ఖరీదు 14 వేల రూపాయలు. ఇవతలి ఒడ్డు దాకా కరెంటు స్తంభాల మీద ఫైబర్ వచ్చింది గాని, ఏటిలో స్తంభాలు లేవు, పాతినా వరదకు నిలవవు. 2018లో కేంద్రం ఈ బ్యాండులో (రేడియో తరంగాల శ్రేణిలో) 605 మెగాహెర్ట్జ్‌కు లైసెన్సు అవసరం లేకుండా చేసింది కాబట్టి తరంగాలు వాడుకున్నందుకు కట్టే స్పెక్ట్రమ్ రుసుము పడలేదు.

పెట్టె మీద వేగం సెకనుకు 450 మెగాబిట్లని ఉన్నా మాకు 200 దాకా వస్తోంది, ఊళ్లోని 60 కనెక్షన్లకు అది చాలు. ఇంత తక్కువ దూరంలో ఎంత జడివాన కురిసినా ఈ తరంగాలకు లెక్క లేదు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ వారి ఎక్స్ సంస్థతో, తీగ లేకుండా గాలిలోనే కాంతితో డేటా పంపే 2,000 కాంతిపుంజపు లింకులకు ఒప్పందం చేసుకున్నప్పుడు మేమూ ఆశపడ్డాము గాని, ధనుర్మాసంలో గోదావరి మీద పట్టే మంచులో కాంతి ఎంత దూరం పోతుందో ఇక్కడివారికి చెప్పనక్కర లేదు.

మమ్మల్ని ఇబ్బంది పెట్టింది వాన కాదు, నిలకడగా ఉన్న నీరు. తెల్లవారుజామున గాలి ఆడక ఏరు అద్దంలా ఉన్నప్పుడు, మామూలుగా మైనస్ 58 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత; మైనస్ అంకె పెరిగేకొద్దీ బలం తగ్గినట్టు) ఉండే సిగ్నల్ మైనస్ 75కు పడిపోయి లింకు తెగేది. నేరుగా వచ్చే తరంగాన్ని నీటి మీద పడి వచ్చే తరంగం రద్దు చేస్తోందని గ్రహించి, లంక వైపు డిష్‌ను టవర్ మీద రెండు మీటర్లు కిందికి దించగానే ఆ బాధ తీరింది. మధ్యదారిలో కిరణం చుట్టూ ఆరు మీటర్ల ఖాళీ ఉండాలి కాబట్టి అంతకన్నా దించడానికి లేదు.

తయారీలో లోపం ఒకటుంది: కేబుల్ దూర్చేచోట మూత వదులు, తొలకరికే నీళ్లు దిగాయి. మే నెల పిడుగుకు ఒక పోర్టు కాలిపోతే డీలరు వారంటీ వర్తించదన్నాడు. ఆ తర్వాత ఎర్తింగ్‌కు, షీల్డ్ కేబులుకు, ఇన్వర్టరుకు పెట్టిన ఖర్చు రేడియోల ఖరీదును మించింది. ధర చూసి కొనేవారు ఈ పద్దు ముందే రాసుకోవాలి.

వరదకు నీటిమట్టం లేచినప్పుడు డిష్ ఎత్తు లెక్క మళ్లీ తప్పుతోంది. అందుకే ఒక ఎత్తులో సిగ్నల్ పడిపోయినా ఇంకో ఎత్తులో అందుతుందని, ఇదే రకం రెండో జత తెప్పించి, పాత డిష్‌కు రెండు మీటర్ల పైన బిగిస్తున్నాము.