వైజాగ్‌లో మందు మాన్పించే వైద్యం: నేను తిరిగిన చోట్లు, నాకు పనిచేసినవి

గాజువాక ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేస్తాను. పదహారేళ్లు తాగాను. 2021 కార్తీకం నుంచి వైద్యంలో ఉన్నాను. ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్, ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ, కౌన్సెలింగ్, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగులు, మూడు రకాల మాత్రలు అన్నీ చూశాను. ఇదే బాధ పడుతున్న ఇళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు మాల సంగతి చెప్పాలి. ఏటా అయ్యప్ప మాల వేసుకునేవాణ్ని. ఆ 41 రోజులూ చుక్క ముట్టేవాణ్ని కాదు. ‘‘చూశారా, అనుకుంటే మానేయగలను’’ అని ఇంట్లో చెప్పుకునేవాణ్ని. మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలు. 2021 నాటికి పొద్దున్నే క్వార్టర్ పడితే తప్ప చేతి వణుకు ఆగేది కాదు. ఆ ఏడు కూడా మాల వేసుకుని ఒక్కసారిగా మానేశాను. రెండో రోజు రాత్రి పీఠం ముందే ఫిట్స్ వచ్చాయి. స్వామికి కోపం వచ్చిందని మా అమ్మ ఒకటే ఏడుపు.

కోపం కాదని ఆసుపత్రిలో చెప్పారు. రోజూ బాగా తాగే మనిషి హఠాత్తుగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చట. మూడో రోజుకు లేనివి కనిపించి, మతి తప్పి, ప్రాణం మీదికి కూడా రావచ్చట. క్లోర్‌డయాజెపాక్సైడ్ మాత్రలు రోజురోజుకూ తగ్గిస్తూ ఇచ్చారు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు చేశారు. వారానికి వణుకు పోయింది. అందుకే పొద్దున్నే చేతులు వణికేవాళ్లు ఎవరూ పంతం పట్టి ఇంట్లోనే మానొద్దని చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నాను. డాక్టర్ దగ్గర మానండి.

వణుకు పోయింది కాబట్టి జబ్బు పోయిందనుకున్నాం. అక్కడే మోసపోయాం. ఒంట్లోంచి మందు దిగడానికి వారం చాలింది, మళ్లీ ముట్టకుండా నిలబడడానికి ఏడాదికి పైగా పట్టింది. ఏ చోటికి వెళ్లినా, ఇంటికి పంపాక ఆరో నెలలో మన సంగతి అడిగేవాళ్లు అక్కడ ఉన్నారా అన్నదే నేను చూసేది.

పది రోజులు తిరక్కుండానే తాగాను. మా బావమరిది తీసుకెళ్లి ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్పించాడు. దాని పేరు రాయను. నెలకు 18 వేలు, 45 రోజులు ఉన్నాను. మొదటి రోజు తర్వాత డాక్టర్ కనిపించలేదు. ఫోన్ తీసేసుకున్నారు. పొద్దున్న యోగా, సాయంత్రం ప్రార్థన, మధ్యలో తలుపుకు తాళం. ఒక రాత్రి చేతులు కట్టేసి తెచ్చిన కుర్రాడు తెల్లవార్లూ వణుకుతూనే ఉన్నాడు. నీళ్లు తాగించడం తప్ప ఏం చేయాలో మాకెవరికీ తెలియలేదు. ఆ రాత్రి ఇప్పటికీ గుర్తొస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఉన్నాయని, ఇలాంటి చోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలని తర్వాత తెలిసింది. మనిషిని అతని ఇష్టం లేకుండా చేర్చుకోవడానికి కూడా ఒక పద్ధతి ఉంది, చేతులు కట్టి తేవడం ఆ పద్ధతి కాదు. డబ్బు కట్టేముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, రాత్రి డాక్టర్ ఎవరుంటారో అడగండి. నేను బయటికొచ్చిన పంతొమ్మిదో రోజున తాగాను. ఎలా ఉన్నావని అక్కడి నుంచి ఒక్క ఫోన్ రాలేదు.

వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉందని తెలిసినా, సిగ్గుతో మూడు నెలలు వెళ్లలేదు. ‘‘ఏటి, పిచ్చాసుపత్రికా?’’ అంది మా పెద్దమ్మ. తాగుడికి వైద్యం చేసేది సైకియాట్రిస్టులేనని మాకెవరికీ తెలియదు. నెలకో పూట పని మానుకుని ఓపీకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ నన్ను ఎవరూ తిట్టలేదు.

మొదట డైసల్ఫిరామ్ రాశారు. ఈ మాత్ర వేసుకున్నవాళ్లు తాగితే, తాగిన సారా ఒంట్లో పూర్తిగా అరగక మధ్యలోనే విషంలా నిలిచిపోతుంది. దాని సంగతి వివరించి, నాతోనూ మా ఆవిడతోనూ సంతకం చేయించారు. ఏడు నెలలు బాగానే గడిచింది. 2023 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మాత్ర ఆపేశాను. కనుమ నాటికి దాని ప్రభావం పోతుందని నా లెక్క. రెండు పెగ్గులకే ముఖం మండిపోయింది, గుండె దడ, వాంతులు, ఊపిరి అందలేదు. మాత్ర ఆపినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉంటుందట. నేను తాగింది ఆ కనుమ నాడే ఆఖరు.

అలా ఇంట్లో పడి ఉండగానే మా అమ్మ ఒక మాట బయటపెట్టింది. ‘తెలియకుండా మాన్పిస్తాం’ అన్న ప్రకటన చూసి కొన్న పొడి ఒకప్పుడు నా మజ్జిగలో కలిపిందట. అందులో ఏముందో ఆమెకూ తెలియదు. అది డైసల్ఫిరామ్ లాంటిదే అయి ఉంటే, నాకు తెలియకుండానే తాగి చచ్చేవాణ్ని. అమ్మలకు, భార్యలకు నా మనవి: దయచేసి ఆ పొడుల జోలికి పోకండి.

తర్వాత లివర్ పరీక్ష చేయించి నాల్ట్రెక్సోన్‌కు మార్చారు. ఇది భయపెట్టదు, తాగాలన్న యావను తగ్గిస్తుంది. నాకు సరిపడింది. ఒకరికి సరిపడింది ఇంకొకరికి సరిపడాలని లేదు, లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇవ్వరట. దీంతోపాటు కొన్ని రకాల నొప్పి మాత్రలు వేసుకోకూడదు, ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

మాత్ర కన్నా ఎక్కువ మేలు చేసింది కౌన్సెలింగ్. తాగాలనిపించిన ప్రతిసారీ టైము, చోటు, పక్కన ఎవరున్నారో నోటుబుక్కులో రాయమన్నారు. జీతం రోజు నాకు ప్రమాదమని నేననుకునేవాణ్ని. నెల రాశాక చూస్తే అన్నీ సాయంత్రం ఆరున్నర, ఆకలి మీద, షెడ్డు దగ్గర వైన్ షాపు దారిలో. ఇప్పుడు ఆరింటికే రెండు పెసరట్లు తినేసి వేరే దారిలో ఇంటికెళ్తాను. ఇంత చిన్న మార్పు కోసం పదహారేళ్లు ఎదురుచూశాను!

ఆదివారాలు ఏఏ మీటింగుకు వెళ్తాను. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు, ఒకరు షేర్ బ్రోకర్, ఇంకొకరు సర్జన్, కలిసి మొదలుపెట్టింది అది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మానేసి పదకొండేళ్లయిన ఒక అన్న ఇంకా వస్తున్నాడు. నేను రెండు వారాలు కనిపించకపోతే ఫోన్ చేసేది ఆయనే. రాత్రి పూట మనసు నిలవనప్పుడు ఒకసారి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేశాను. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడారు. వ్యసనాల కోసమే ప్రత్యేకంగా 14446 కూడా ఉంది.

మొదటిసారి ఓపీకి వెళ్లేవాళ్లు ఇంట్లోవాళ్లను వెంట తీసుకెళ్లండి. ‘‘రోజుకు ఎంత తాగుతావు?’’ అని డాక్టర్ అడిగితే ‘‘ఒక క్వార్టర్ సార్’’ అన్నాను. వెనక నిలబడ్డ మా ఆవిడ ‘‘కాదు సార్, మూడు’’ అంది. డాక్టర్ చీటీ మీద రాసిన మోతాదు కొట్టేసి, మళ్లీ రాశారు.