పాత కాంటెస్సాకి ఏ పెయింట్ మేలు? ఎన్‌సీ, పీయూ, ర్యాప్: విశాఖ గాలిలో లెక్క వేరు

పాత బండి తెచ్చిన కస్టమర్ ముందుగా చూపించేది ఫోన్‌లో ఫొటో. తెల్ల బాడీ, బానెట్ నుంచి డిక్కీ దాకా రెండు నీలం పట్టీలు. 1965 నాటి షెల్బీ జీటీ350 మస్టాంగ్ అది. "మన కాంటెస్సా ఇలా కావాలి మేస్త్రీ" అంటారు. ఆ కోరికలో తప్పేం లేదు. 1964 మోడల్ పోంటియాక్ జీటీఓతోనూ, అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌తోనూ అమెరికాలో ఊపందుకున్న మజిల్ కార్ల (పెద్ద ఇంజిన్, దూకుడు రూపం ఉన్న కార్ల) మోజు తీర్చుకోవడానికి మన రోడ్ల మీద దగ్గరగా కనిపించేది కాంటెస్సాయే. పొడుగు బానెట్, వెడల్పాటి ముక్కు, రోడ్డుని పట్టుకుని కూర్చునే తీరు. ఇంగ్లండ్ వాక్స్‌హాల్ బాడీని తీసుకుని హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1984లో తెచ్చింది, 2002 దాకా చేసింది. లోపల ఆ కార్లలో ఉండే ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ లేదు. మొదట అంబాసిడర్ నుంచి తీసుకున్న 1489 సీసీ, తర్వాత ఇసుజు 1817 సీసీ ఇంజిన్ వేశారు. రూపం మాత్రం ఆ జాతిదే.

మరి ఏ పెయింట్ కొట్టించాలి? ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ లాకర్), పీయూ (పాలీయురేథేన్), ర్యాప్ (రంగు బదులు బాడీ మీద అంటించే వినైల్ ఫిల్మ్): ఈ మూడింట్లో దేన్ని ఎంచుకోవాలి? నా మాట ముందే చెప్పేస్తాను. విశాఖలో బండికి పెట్టే డబ్బులో పెద్ద వాటా రంగుకి కాదు, రంగు కింద రేకుకి పోవాలి. బడ్జెట్ తక్కువైతే రంగులో తగ్గించుకోండి, రేకులో తగ్గించుకోవద్దు. ఇక్కడి గాలిలో ఉప్పు ఉంటుంది. రేకు మీద వాలిన ఉప్పు గాలిలోని తేమని లాగి పట్టుకుంటుంది కాబట్టి, వాన పడకపోయినా తుప్పు పని జరుగుతూనే ఉంటుంది. బీచ్ రోడ్డు పక్కనో, లాసన్స్ బే కాలనీలోనో, భీమిలి వైపో ఆరుబయట పెట్టిన బండిని, ఊరికి దూరంగా షెడ్డులో ఉన్న బండిని పక్కపక్కన నిలబెట్టి తలుపుల కింది అంచులు తడిమి చూడండి, తేడా వేళ్లకే తెలుస్తుంది.

పైగా కాంటెస్సాకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద ఉండే సిల్ తుప్పు పట్టిందంటే అది అందానికి సంబంధించిన గొడవ కాదు, బండి బలానికి సంబంధించినది. ఒక అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి సిల్ వెంబడి, చక్రాల ఆర్చ్‌ల మీద, డిక్కీ అడుగున జరుపుతూ వెళ్లండి. పట్టు సడలిందంటే అక్కడ పుట్టీ మందంగా ఉందన్నమాట. పుట్టీ ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటే పని, అంతకన్నా ఎక్కువుంటే అది దాచిపెట్టడమే. ముందు అద్దం రబ్బరు అంచులు, బ్యాటరీ ట్రే కూడా చూడండి. కుళ్లిన చోట కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. పైన ఫైబర్ అతికించి పుట్టీ మెత్తితే రెండు వానాకాలాలు తిరక్కముందే బుడగలు లేస్తాయి.

పాత పెయింట్ తీయడంలో మూడు దారులు. కెమికల్ రిమూవర్ త్వరగా పని చేస్తుంది, కానీ రేకుల అతుకుల్లో దాక్కున్న మందు తర్వాత కొత్త రంగుని లోపలి నుంచి లేపేస్తుంది. బ్లాస్టింగ్ (గాలి ప్రెషర్‌తో ఇసుకలాంటి రేణువులు కొట్టడం) మూలమూలకీ వెళ్తుంది, కానీ బానెట్, టాప్ లాంటి పెద్ద చదును రేకుల మీద గట్టిగా కొడితే రేకు వంకర పోతుంది, ఆ వంకర మళ్లీ సాఫు కాదు. శాండర్‌తో చేత్తో తీయడం నెమ్మది, కూలి ఎక్కువ. బయటి రేకులకి శాండర్, అడుగు భాగానికి, ఆర్చ్‌లకి, సస్పెన్షన్ సామానుకి బ్లాస్టింగ్ చేయించడం నాకు నచ్చిన పద్ధతి. ఏ దారైనా ఒకటి మర్చిపోవద్దు: ఇక్కడ రేకుని ఉత్తగా రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి గోధుమరంగు పొర కనిపిస్తుంది. ఎంత మేర తీశారో అంత మేరకి ఆ సాయంత్రమే ఎపాక్సీ ప్రైమర్ (తేమ తగలకుండా కాపాడే అడుగు పూత) పడాలి. బండి మొత్తం ఒకేసారి తీయకుండా, ఒక రేకు తర్వాత ఒక రేకు తీసుకోవడానికి కారణం ఇదే.

ఇక అసలు పోటీ.

ఎన్‌సీ పెయింట్ చవక. థిన్నర్ ఆవిరైపోతే చాలు ఆరిపోతుంది కాబట్టి బూత్ (రంగు కొట్టే మూసిన గది) లేకపోయినా పని నడుస్తుంది, దుమ్ము అంటుకునే వ్యవధి తక్కువ. గీత పడితే ఆ మేరకే మళ్లీ కొట్టొచ్చు, కొత్త కోటు పాత కోటుని కరిగించి అందులో కలిసిపోతుంది. రబ్బింగ్ చేసిన (పైపొరని రుద్ది మెరుగుపెట్టిన) ఎన్‌సీలో ఒక లోతైన నునుపు ఉంటుంది. పాత బండికి అది ఎంత నప్పుతుందో చూసినవాళ్లకి తెలుసు. అయితే విశాఖలో దీనికో గండం ఉంది. థిన్నర్ వేగంగా ఎగిరిపోతూ రేకు పైపొరని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజున ఆ చల్లని పొర మీద నీటి ఆవిరి వాలి, నల్లరంగు కూడా పాలు చల్లినట్టు తెల్లబారుతుంది. స్లో థిన్నర్ కలిపితే కొంత అదుపులో ఉంటుంది. జూన్ నుంచి నవంబరు దాకా మాత్రం ఎన్‌సీ పని ఒప్పుకోకపోవడమే మంచిది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి దీనికి అనుకూలం. అప్పుడు కొట్టినా, ఎండకి త్వరగా వెలుస్తుంది, పెట్రోల్ చిందిన చోట మచ్చ పడుతుంది.

పీయూలో హార్డెనర్ కలుస్తుంది. ఇది ఆరడం కాదు, రసాయన చర్యతో గట్టిపడటం. ఉప్పు గాలికి, ఎండకి, పెట్రోల్‌కి తట్టుకుంటుంది. ఇందులో రెండు రకాలు. సాలిడ్ రంగు ఒక్కటే కొట్టి వదిలేసేది ఒకటి, మెటాలిక్ బేస్ కొట్టి పైన క్లియర్ కోటు (రంగు లేని పారదర్శక పూత) వేసేది ఇంకొకటి. కస్టమర్లు ఎక్కువగా మెటాలిక్ అడుగుతారు, షోరూమ్ బండిలా మెరుస్తుందని. నేను వద్దంటాను. మెటాలిక్‌లో అల్యూమినియం పలుకులు పడే తీరు స్ప్రే గన్ ప్రెషర్‌ని బట్టి, చేతి వేగాన్ని బట్టి మారుతుంది. రేపు ఒక తలుపు మీద గీత పడితే ఆ తలుపు ఒక్కటీ కొట్టి మిగతా బండితో కలపడం మహా కష్టం. క్లియర్ ఒకసారి పొరలుగా ఊడటం మొదలైతే పాలిష్‌తో ఆగదు, మళ్లీ కొట్టాల్సిందే. సాలిడ్ రంగు మాసినా, పైపొర పొడిబారినా, రబ్బింగ్ చేస్తే కింద నుంచి అదే రంగు తాజాగా బయటికొస్తుంది. రోజూ తిరిగే పాత బండికి, సముద్రం పక్కన ఉండే బండికి సాలిడ్ పీయూనే మేలు.

ఒక జాగ్రత్త: పాత ఎన్‌సీ మీద నేరుగా పీయూ కొట్టించొద్దు. కింది రంగు ఉబ్బి ముడతలు పడుతుంది. "పైపైన కొట్టేయండి, తర్వాత చూద్దాం" అన్న మాట ఇక్కడే బెడిసికొడుతుంది.

పీయూకి నేను ఓటు వేస్తున్నాను కాబట్టి దాని చెడు కూడా చెప్పాలి. హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. పీల్చితే ఆస్తమా రావచ్చు. ఒకసారి శరీరానికి పడకుండా పోతే, ఆ తర్వాత కొద్దిపాటి ఆవిరి తగిలినా ఊపిరి ఆడదు. ముక్కుకి జేబురుమాలు కట్టుకుని పీయూ కొట్టే కుర్రాళ్లు ఇప్పటికీ ఎన్నో షెడ్లలో కనబడతారు. రుమాలు ఆపేది దుమ్మునే, ఆ ఆవిరిని కాదు. బయటి నుంచి మంచి గాలి గొట్టం ద్వారా అందించే మాస్క్ కావాలి, గాలి లాగే బూత్ కావాలి. ఇవి లేని చోట బండి ఇవ్వకండి. రేటు తక్కువ చెప్పాడంటే ఆ తగ్గింపు ఎవరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందో అడగండి.

ర్యాప్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రంగు బాగుండి రేకు గట్టిగా ఉన్న బండికి అది మంచి ముసుగు, నచ్చకపోతే తీసేయొచ్చు. తుప్పు ఉన్న బండికి ర్యాప్ వేస్తే అంచుల్లోంచి దూరిన తడి లోపలే ఉండిపోతుంది. తీసేనాడు రంగు కూడా దాంతోపాటు వచ్చేస్తుంది.

ఒరిజినల్ రంగా, కస్టమ్ రంగా అన్నది చివరి ప్రశ్న. ఆర్సీలో బండి రంగు నమోదై ఉంటుంది. రంగు మారిస్తే రవాణా శాఖ ఆఫీసులో రాయించుకోవాలి, లేకపోతే చెకింగ్‌లోనూ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ టెన్షన్ మీకే. ఇంకో సంగతి: 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చిన బండికి అది రాదు. మొదటి కాంటెస్సాలకి 2034లో ఆ వయసొస్తుంది. పిల్లల దాకా ఉంచుకోవాలనుకుంటే బానెట్‌లో స్కూప్ (గాలి లోపలికి లాగే మూతి) కోసం కన్నం కోయించకండి, ఆర్చ్‌లు వెడల్పు చేయించకండి. నాన్నగారి బండి అయితే కంపెనీ రంగే సాలిడ్ పీయూలో కొట్టించి, ఆ నీలం పట్టీలు మాత్రం మంచి వినైల్‌తో వేయించుకోండి. మోజు తీరుతుంది, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. బండికి పెద్దగా కథేం లేదు, మీరే కొత్తగా కొన్నారనుకుంటే పూర్తి కస్టమ్‌కి నేను అడ్డు చెప్పను. నలుపు ఒక్కటి ఆలోచించుకోండి, రేకులో ఏ చిన్న అల ఉన్నా నలుపు చూపించేస్తుంది. హార్బర్ దగ్గర ఉండేవాళ్లు తెలుపు గురించి ఆలోచించుకోవాలి. ఇనుప ధూళి తెలుపు మీద నారింజ చుక్కలుగా తేలుతుంది. వాటిని గట్టిగా రుద్దకుండా ఐరన్ రిమూవర్‌తో కరిగించాలి.

రబ్బర్లు, క్రోమ్ పట్టీలు టేపు అంటించి వదిలేయకుండా విప్పి కొట్టమనండి, పాతవి పారేయనివ్వకండి. కాంటెస్సా సామాను ఇప్పుడు దొరకడం గగనం.

బండి చేతికొచ్చాక పూజ కోసం నేరుగా విశాఖలోని సంపత్ వినాయగర్ గుడికి తీసుకెళ్తారు, వెళ్లాలి కూడా. పసుపు, కుంకుమ తడి చేత్తో కొత్త రంగు మీద పెట్టకుండా నంబర్ ప్లేట్ మీదో, అద్దం మీదో పెట్టించండి. పీయూ పూర్తిగా గట్టిపడటానికి నెల పడుతుంది, ఈలోగా వ్యాక్స్ వద్దు, ప్లాస్టిక్ కవరు వద్దు. గాలి ఆడే గుడ్డ కవరు వేయండి. బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చిన రోజున మంచినీళ్లతో అడుగు భాగం కడిగించండి. తలుపుల కింద నీళ్లు కారే కన్నాలు మట్టితో మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూసుకోండి.